మూడో ముక్కలో సున్నం

నాందేడ్‌లో కూర్చుని సముద్రం మీద పని చేస్తానంటే నవ్వని మనిషిని నేను చూడలేదు. మా ఊళ్లో గోదావరి ఉంది. చుట్టూ నల్లరేగడి, పత్తి, సోయా చేలు ఉన్నాయి. సముద్రం మాత్రం రైల్లో ఒక రాత్రంతా పోతే గాని కనబడదు. అయితే దాని అడుగు నుంచి తీసిన బురద మా దగ్గరికి డబ్బాల్లో వచ్చేది. తీరంలోని ఒక సంస్థవాళ్లు ఓడ మీద వెళ్లి, అరేబియా సముద్రం అడుగున పొడవాటి పైపు దించి, దాని నిండా బురదను పైకి లాగేవారు. ఆ పైపును పై నుంచి కిందికి వరసగా ముక్కలుగా కోసి, ముక్కలోని బురదను సన్నటి పొరలుగా తీసి, కొంత మా కళాశాలలోని చిన్న ప్రయోగశాలకు పంపేవారు. వేల ఏళ్ల కిందట ఆ నీళ్లలో జీవం ఎంత పండింది, రుతుపవనాలు ఎంత బలంగా వీచాయి అన్నది ఆ బురద చూసి చెప్పడం మా పని. నా ఉద్యోగ జీవితమంతా అందులోనే గడిచింది.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇంటికి వచ్చి, "మేడం, ఈ నౌకరీ ఎట్లుంటది?" అని అడుగుతుంటారు. పదోన్నతులు, కాగితాలు, టెండర్ల సంగతి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పగలిగింది ఒకటే. ఈ ఉద్యోగం భయంగా ఉంటుంది. ఉండాలి కూడా. భయం తగ్గిన రోజుల్లోనే మేం తప్పులు చేశాం.

ఇంటి చదువు

చిన్నప్పుడు నాకు ఆయాసం. బడి గది దుమ్ములో గంట కూర్చుంటే ఊపిరి అందేది కాదు. మా నాన్న రైల్వేలో గార్డు, నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి నాందేడ్‌లోనే ఉండిపోయారు. డ్యూటీ లేని పూటల్లో ఆయన లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవారు. తెలుగు, మరాఠీ అమ్మ దగ్గర. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి రాశాను. బియ్యం చాటలో పోసి రాళ్లు ఏరేటప్పుడు అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. "చెయ్యి తొందర పడొద్దు బిడ్డా, కన్ను ముందు పోవాలె" అనేది. తర్వాత నేను జీతం తీసుకుని చేసిన పనికీ దానికీ పెద్ద తేడా ఏమీ లేదు. ఆ ఇద్దరి రుణం నేను తీర్చుకోలేదు, తీరేది కాదు.

నాకు ఉద్యోగం ఇచ్చింది కులకర్ణి సర్. మా విభాగానికి అధిపతి. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. మాట మరాఠీ, అయితే నాతో మాత్రం పట్టుబట్టి తెలుగులోనే మాట్లాడేవారు. ఇంటర్వ్యూలో నా కాగితాలు చూసి, "కాలేజీ మెట్లే ఎక్కలేదా?" అన్నారు.

"పరీక్షలు రాయడానికి ఎక్కాను సర్" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వి, మైక్రోస్కోప్ ముందు కూర్చోమన్నారు. ఒక పళ్లెంలో ఇసుక లాంటిది ఉంది. అందులోంచి గవ్వల్లాంటివి ఏరమన్నారు. నేను తడి కుంచె కొనతో ఏరుతూ పోయాను. మిగతావాళ్ల ఇంటర్వ్యూలు అయిపోయినా లేవలేదట. ఆయన ఆ సంగతి అందరికీ చెప్పుకునేవారు. అట్లాంటి మనిషికి ఎదురు చెప్పవలసిన రోజు వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

బురద ఏం చెబుతుంది

తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. సముద్రం పైనీళ్లలో కంటికి ఆనని జీవులు కోట్లుగా ఉంటాయి. కొన్ని తమ చుట్టూ సున్నంతో గుల్ల కట్టుకుంటాయి. చచ్చిపోయాక ఆ గుల్లలు అడుగుకు రాలుతాయి. ఎండాకాలం చివర నైరుతి గాలి గట్టిగా వీస్తే, కింది చల్లటి నీళ్లు పైకి తేలతాయి. ఆ నీళ్లలో ఎరువు లాంటి పోషకాలు ఉంటాయి. జీవం పండుతుంది, గుల్లలు ఎక్కువ రాలుతాయి. గాలి బలహీనపడితే పంట తగ్గుతుంది. అందుకని బురదను పొరపొరగా తీసి రెండు పనులు చేస్తాం. కొంత భాగాన్ని సన్నటి జల్లెడలో కడిగి, మిగిలిన గుల్లలను మైక్రోస్కోప్ కింద లెక్కపెడతాం. ఇంకొంత భాగాన్ని ఎండబెట్టి, మిల్లులో మెత్తగా నూరి, అందులో మొత్తం సున్నం ఎంతో కొలుస్తాం. పై పొర కొత్తది, కింది పొర పాతది. కొలతలన్నీ వరసగా పెడితే ఒక గీత వస్తుంది. అదే ఆ సముద్రం కథ.

ఇందులో చిక్కు ఏమిటంటే, నూరిన బురద మళ్లీ బురద కాదు. ఆ పొర కోసం ఓడ మళ్లీ పోదు. తప్పు కొలిచినా గీత మాత్రం వచ్చి తీరుతుంది. తప్పు గీతకు ఏ గుర్తూ ఉండదు. పైగా అది ఒక్కోసారి అసలు దానికంటే అందంగా ఉంటుంది.

నేను రోజూ మైక్రోస్కోప్ ముందు కూర్చునే ముందు కళ్లు మూసుకుని దండం పెట్టుకునేదాన్ని. కోరేది ఒక్కటే. ఉన్నది చూపించు స్వామీ, లేనిది చూపించకు.

సవిత గీత

నా పదవీ విరమణకు దగ్గర్లో సవిత మా దగ్గర పీహెచ్‌డీ చేస్తుండేది. భోకర్‌లో వాళ్ల నాన్నకు కిరాణా దుకాణం. గలగలా మాట్లాడే పిల్ల, పనిలో మాత్రం నోరు తెరవదు. ఒకనాడు ఫోన్ పట్టుకుని పరుగున వచ్చింది.

"మేడం, జెర ఇది సూడుండ్రి. సర్‌కు పంపిన, సర్ నాలుగు సార్లు ఫోన్ చేసిండ్రు!"

ఫోన్‌లో ఆమె సున్నపు గీత ఉంది. పాత కాలం నుంచి ఇటు వస్తుంటే సున్నం మెల్లమెల్లగా పెరిగింది, బాగా పెరిగింది, ఆ తర్వాత ఒక్కసారిగా గోడ మీంచి దూకినట్టు పడిపోయింది. సర్ దానికి అప్పుడే పేరు పెట్టేశారు. రుతుపవనాలు బలపడుతూ వచ్చి ఉన్నట్టుండి కూలిపోయిన కాలం అన్నారు. తీరంలోని సంస్థకు ఫోన్ చేసి చెప్పారు. వాళ్ల కొత్త ప్రాజెక్టులో సవితకు చోటు ఇస్తామని, థీసిస్ ఇచ్చి ఈ ఫలితంతో రమ్మని అన్నారట. ఆమెకు వచ్చే స్టైపెండ్ ఆ ఏడాదితో అయిపోతుంది.

"మా బాపు దుకాణంల అందరికి చెప్తుండు మేడం. నా బిడ్డ సముద్రంల కరువు పట్టుకున్నదని."

నేను సంతోషపడ్డాను. నిజంగానే పడ్డాను. ఇంటికి పోయి దీపం పెట్టేటప్పుడు కూడా ఆ గీతే కళ్ల ముందు ఉంది. అయితే దాని అంచు నాకు నచ్చలేదు. సముద్రం అంత నిటారుగా పడదు. అడుగున పురుగులు బురదను తవ్వి పైదీ కిందదీ కలుపుతాయి, ఎంత పెద్ద మార్పైనా కొంచెం మసకబారి కనిపిస్తుంది. ఇది కత్తితో కోసినట్టు ఉంది.

మర్నాడు గుల్లల లెక్కలు అడిగాను. సున్నం పెరిగిన పొరల్లో గుల్లలు పెరగలేదు. అంతకుముందు ఎన్నో, అప్పుడూ అన్నే.

సర్‌కు చెబితే ఆయన దగ్గర జవాబు ఉంది. "గుల్లలు ఒక్కటేనా సున్నం కట్టేది? జల్లెడలోంచి జారిపోయే సన్నటి నాచు ఉంది. అది పెరిగి ఉంటుంది." మాట సరైనదే. పుస్తకాల్లో ఉన్నదే. నూరిన పొడిని పెద్ద మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాను. నూరిన దాంట్లో అన్నీ ముక్కలే. ఏది నాచు, ఏది గుల్ల అన్నది తేలలేదు. నూరని బురద ఆ పొరల్లో మా దగ్గర మిగల్లేదు. అట్లా కొన్ని వారాలు గడిచాయి. సవిత అధ్యాయం తరవాత అధ్యాయం రాసుకుంటూ పోయింది. నేను చదివి అక్షర దోషాలు దిద్దాను. కారణం చెప్పలేని భయం ఈ పనిలో పనికిరాదు, కానీ అది పోదు.

లక్ష్మక్క అడిగిన మాట

మా ప్రయోగశాల శుభ్రం చేసేది, సామాన్లు చూసుకునేది లక్ష్మక్క. ఇస్లాపూర్ మనిషి, నాకంటే కొంచెం పెద్దది. దసరా దగ్గర పడింది. ఆయుధపూజ మా దగ్గర ఘనంగా చేస్తాం. మైక్రోస్కోప్‌లకు, ఓవెన్‌కు, తూకం యంత్రానికి పసుపు కుంకుమ, బంతిపూల దండ. గుమ్మం ముందు నుంచి లోపలి గది దాకా ముగ్గు. అది సర్‌కు చాలా ఇష్టం. లక్ష్మక్క చీపురు గోడకు ఆనించి నిలబడింది.

"సుగుణమ్మా, ఈయేడు గూడ ముగ్గుపిండి మిషిన్లనే నూరుదమా? పోయిన యేడు మస్తు సన్నగ అచ్చింది. గీత తెంపు లేకుంట పడ్డది."

"ఏ మిషిన్ల లక్ష్మక్కా?"

"గదే, బురద నూరేది. పోయినసారి మీరు లేకుంటిరి, నిజామాబాద్ మీ తమ్మునింటికి పోయిండ్రు. వానలు పోకపాయె, పిండి డబ్బల ముద్ద కట్టింది. నేను పారేస్త అన్న. సర్ అన్నడు, ఎందుకు పారేస్తవ్, ఓవెన్ల ఎండబెట్టి మిల్లుల తిప్పు అని."

"తర్వాత మిల్లు కడిగినవా?"

"అయ్యో, కడగకుంట ఉంటనా? రెండు సార్లు కడిగిన. మీరు ఊకె ఫికర్ జేస్తరు."

ఆమె తప్పేం లేదు. నీళ్లతో కడిగింది, తుడిచింది. కానీ ఆ మిల్లు గిన్నె మూత కింద రబ్బరు చక్రం ఉంటుంది. పొడి దాని వెనక దాక్కుంటే చెయ్యి అందదు. తిప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెం రాలుతుంది. మొదట ఎక్కువ, పోనుపోను తక్కువ.

ఆమెను పిండి డబ్బా తెమ్మన్నాను. చిటికెడు ముగ్గుపిండి గాజు పలక మీద పోసి, ఆమ్లం ఒక చుక్క వేశాను. బుసబుసా పొంగింది. బియ్యప్పిండి అయితే కదిలేది కాదు. బజారులో దొరికే తెల్లరాయి పొడి అది. అచ్చం సున్నపురాయి.

"ఇదేంది తల్లీ, సోడ లెక్క పొంగుతున్నది!" అంది లక్ష్మక్క.

నాకు నవ్వు రాలేదు. సవితను పిలిచాను. పోయిన దసరాకు ఇంటికి పోయేముందు నూరడం ఎక్కడ ఆపావని అడిగాను.

"ఎందుకు మేడం? రెండో పైపు ముక్క అయిపోగొట్టి పోయిన. అచ్చినంక మూడో ముక్క షురూ చేసిన, పై పొర నుంచి కిందికి..." అంటూనే ఆగిపోయింది. ఆ నిటారు అంచు ఎక్కడుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు. మూడో ముక్క మొదటి పొరలో. అక్కడి నుంచి కిందికి పోతుంటే సున్నం మెల్లగా తగ్గుతుంది. మిల్లులోంచి ముగ్గు తగ్గినట్టు.

వానలు వెళ్లిపోకుండా ఆగిన ఏడు కాబట్టి పిండి ముద్ద కట్టింది. వేల ఏళ్ల నాటి రుతుపవనాల లెక్కలోకి పోయినేటి రుతుపవనాలు వచ్చి చేరాయి.

సవిత స్టూల్ మీద కూర్చుంది. "మేడం, మీరిప్పుడు సంతోషంగ ఉన్నరా?" అంది.

ఆమె వయసులో నేనైనా అదే అడిగేదాన్ని.

సర్ గది

పని నేర్పినవాళ్లకు తప్పు చూపించడం ఎట్లాగో ఎవరూ నేర్పరు. నేను తలుపు దగ్గర నిలబడి దేవుణ్ణి తలుచుకుని లోపలికి పోయాను. మొత్తం చెప్పాను. సర్ ముఖం ఎర్రబడింది.

"పండగ మీద నెపం పెట్టి ఆ పిల్ల పని పడగొడతావా? అదీ నువ్వు? రోజూ మైక్రోస్కోప్‌కు దండం పెట్టేదానివి?"

"దండంలో సున్నం లేదు సర్."

అంత మాట ఎట్లా అన్నానో నాకే తెలియదు. ఆయన కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చున్నారు. మిల్లు తన చేత్తో విప్పుతానన్నారు. విప్పారు. రబ్బరు చక్రం వెనక వేలు పెట్టి తీస్తే బూడిదరంగు మట్టిలో తెల్లటి చార కనిపించింది. దాని మీద ఆమ్లం చుక్క వేశారు. పొంగడం చూసి, రుమాలుతో చేతులు తుడుచుకున్నారు.

"ఇది రుజువు కాదు" అన్నారు చివరికి. "అనుమానం అంతే. బురద కూడా పొంగుతుంది కదా. తీరంవాళ్ల దగ్గర ఆ పైపు మిగతా సగం ఉంటుంది. మూడో ముక్కలోంచి మళ్లీ కొంచెం అడుగు. చేత్తో నూరండి."

ఆ మాటలో కోపం ఉంది, న్యాయం కూడా ఉంది. అందుకే ఆయనను ఈ రోజుకీ గురువుగానే తలుచుకుంటాను.

ఎదురుచూపు

పైపును నిలువుగా చీల్చి ఒక సగాన్ని ముట్టకుండా దాచడం అక్కడి ఆచారం. దాన్ని అడిగితే ఊరికే ఇవ్వరు. కమిటీ కూర్చోవాలి. ఎందుకు కావాలో చెప్పాలి. మేం ఉన్నది ఉన్నట్టు చెప్పాం. దాంతో సవితకు ఇస్తామన్న చోటు విషయం అటువైపు మాట్లాడటం మానేశారు. కొన్నాళ్లకు ఆ చోటు వేరేవాళ్లకు పోయిందని తెలిసింది.

బురద రాలేదు. రోజూ పోస్టు వచ్చే వేళకు గుమ్మం దగ్గరికి పోయి చూసేదాన్ని. నేను చెప్పింది తప్పైతే ఒక పిల్ల ఏడాదిని చెడగొట్టినదాన్ని అవుతాను. నిజమైతే ఆమె చేతిలోని ఒక్క ఫలితాన్నీ లాగేసినదాన్ని అవుతాను. ఏది కోరుకోవాలో తెలియక, పూజలో ఏమీ కోరకుండా కూర్చునేదాన్ని. సవిత వచ్చేది, తన బల్ల దగ్గర కూర్చునేది, నాతో మాట్లాడేది కాదు. ఒకనాడు మాత్రం అంది.

"మేడం, మా బాపుకు ఇంకా చెప్పలె. దుకాణంల అందరు అడుగుతున్నరంట, కరువు సంగతి ఏమైందని."

"నేను చెప్పనా?"

"అద్దు. నాదే గీత. నేనే చెప్త."

చివరికి డబ్బా వచ్చింది. మేమిద్దరం కొత్త రాతి కల్వం తీసుకున్నాం. ప్రతి పొరకూ ముందు కల్వాన్ని ఆమ్లంతో, తర్వాత నీళ్లతో కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూరాం. ఆమె నూరింది, నేను తూచాను. కొలత యంత్రం ఒక్కొక్క అంకె చూపిస్తుంటే సవిత పైకి చదివింది. మొదటి పొర మామూలు. రెండోది మామూలు. ఆపైన ఆమె చదవడం మానేసింది, నేను చూస్తూ పోయాను. మూడో ముక్క పొడుగునా సున్నం సాపుగా ఉంది. పెరగడం లేదు, కూలడం లేదు. గుల్లలు మొదటి నుంచీ చెప్పింది అదే.

సవిత కల్వం కడిగి బోర్లించింది. "పాండి మేడం, చాయ తాగుదం" అంది. చాలా రోజుల తర్వాత నాతో అన్న మాట అది. బయట బండి దగ్గర చాయ తాగుతూ, "కరువు లేదు, ఏం లేదు. మా బాపు ఇగ సముద్రంల అంత మంచిగనే ఉండె అని చెప్పుకోవాలె" అని నవ్వి, కళ్లు తుడుచుకుంది.

కొత్తవాళ్లకు

మీ ప్రయోగశాలలో పూజ చేసుకోండి. నేనూ చేశాను, ఇప్పటికీ ఆ రోజు పిలిస్తే పోతాను. ముగ్గు వాకిట్లో వేయండి, బురద తిరిగే యంత్రంలో ఇంకేదీ తిప్పకండి. ఒక కొలత మాట నమ్మే ముందు ఇంకో కొలతను అడగండి. రెండూ పోట్లాడుకుంటుంటే అందంగా ఉన్నదాని వైపు పోకండి. పెద్దవాళ్లు మంచివాళ్లైనంత మాత్రాన వాళ్ల వివరణ నిజం కాదు. సెలవు మీద పోయి వచ్చినప్పుడు, మీరు లేనప్పుడు ఏం జరిగిందో అడగండి. యంత్రాల గురించే కాదు, పండగ గురించి కూడా. నేను ఒక ఏడాదంతా అడగలేదు.

ఇంకో మాట. కొత్త అంకెలు పెట్టేసి పాతవి మాయం చేయడం మన దగ్గర మామూలు. సర్ కూడా మొదట అదే అన్నారు. "కొత్త గీత పెట్టు, పాతది తీసెయ్యి. ఎవరికి చెప్పాలి ఇదంతా?" సవిత తల ఊపింది గానీ తీయలేదు. థీసిస్‌లో రెండు గీతలూ పక్కపక్కనే పెట్టింది. దాని కింద ఏం రాసిందో సర్ వైవా రోజు దాకా చూడలేదు. నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

వైవా

వైవాలో సవితను ప్రశ్నలడగడానికి తీరంలోని సంస్థ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తల నెరిసిన మనిషి, మెల్లగా మాట్లాడతారు. గది నిండా విద్యార్థులు. సవిత బాపు భోకర్ నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి వెనక వరసలో నా పక్కన కూర్చున్నారు. సర్ ముందు వరసలో ఉన్నారు. పెద్దాయన పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగారు. ఆ పేజీ ఏదో దూరం నుంచే నాకు తెలిసింది.

"ఈ రెండు గీతలెందుకు? తప్పుది తీసేసి సరైనది పెడితే సరిపోయేది కదా?"

"తప్పు గీతను మీ దగ్గర గూడ కొందరు చూసిండ్రు సర్" అంది సవిత. "అది ఎందుకు తప్పో చెప్పకుంటే, రెండోదాన్ని ఎందుకు నమ్మాలె?"

"కింద, మిల్లులో బయటి సున్నపు పొడి కలిసింది అని రాశావు. ఏం పొడి? ఎట్లా కలిసింది?"

అంతకు మించి ఆమె రాయలేదు. ఎవరి పేరూ రాయలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ లక్ష్మక్క వైపు ఒకసారి చూసి, నేల చూసింది. "బిడ్డకేమన్న అయితదా మేడం?" అన్నారు ఆమె బాపు నా చెవిలో. నాకు తెలియదు. నిజంగానే తెలియదు.

ముందు వరసలో కుర్చీ కదిలింది. కులకర్ణి సర్ లేచారు.

"ముగ్గు" అన్నారు. ఆ పెద్ద గొంతు అప్పుడు పెద్దగా లేదు. "మా దసరా ముగ్గు. మిల్లులో నూరమన్నది నేను. ఈ అమ్మాయి ఊళ్లో కూడా లేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దాయన నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మా దగ్గర బురద ఎండబెట్టే ఓవెన్‌లోనే అప్పడాలు కాల్చారు" అన్నారు. "ఎవరూ రాయలేదు."

కళ్లజోడు పెట్టుకుని పేజీ తిప్పారు. "సరే అమ్మాయీ. ఇప్పుడు సాపుగా ఉన్న గీత సంగతి చెప్పు. అంతకాలం సముద్రం మారకుండా ఎట్లా ఉండగలిగింది?"

సవిత చెప్పడం మొదలుపెట్టింది.